బాయితోటలో జంట ఫోటో

కిందటి వారం మనం బుచ్చవ్వను ఆటో ఎక్కించి, చేతిలో తమలపాకు చిలకల డబ్బా పెట్టి వదిలేశాం. ఆ డబ్బా సంగతి మరిచిపోయినవాళ్ళకు మళ్ళీ చెబుతాను. ఈ వారం కథకు అదే ఆయువుపట్టు.

బుచ్చవ్వ మనవరాలు కుసుమకుమారికీ, రెండు వీధుల అవతల కొత్తగా ఇల్లు కట్టుకున్న బాపట్ల వాళ్ళబ్బాయి శేషగిరికీ సంబంధం కుదిరింది. ఇక్కడివాళ్ళు పూలు పండ్లు అన్నారు, వాళ్ళు నిశ్చయ తాంబూలాలు అన్నారు. ఏదైతేనేం, ఉంగరాలు మారాయి. ముహూర్తం మాత్రం పెట్టలేదు. పిల్లవాడి నాయనమ్మ హనుమాయమ్మ ఆ రోజు మోకాళ్ళ నొప్పులని బాపట్లలోనే ఉండిపోయింది. ఆమె వచ్చి, పిల్లను చూసి, సరే అన్నాకే ముహూర్తం అని శేషగిరి తండ్రి వెంకటేశ్వరరావు తేల్చి చెప్పాడు. ఆవిడ వచ్చి వారం దాటింది. కుసుమ చేతి కాఫీ తాగింది, కాలనీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయంది, రాత్రిళ్ళు దోమలంది. సరే అని మాత్రం అనలేదు.

అటు ఆవిడ నోరు విప్పదు. ఇటు బుచ్చవ్వ నోరు మూతపడదు. కుసుమకు వచ్చిన మొదటి సంబంధం ఆ నోటి మూలానే పోయింది. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టి, మీసానికి రంగేసినవు గని కనుబొమ్మలు మరిచినవేంది అని అడిగేసింది. అందుకని ఈసారి హనుమాయమ్మ వచ్చిన నాటి నుంచీ కోడలు ఇంద్రమ్మ రోజూ పొద్దున్నే లేచి ఆకులకు సున్నం రాసి, వక్క పెట్టి, చిలకలు చుట్టి డబ్బా నింపుతోంది. మాట నాలిక మీదికి వచ్చినప్పుడల్లా ఒకటి నోట్లో పెట్టుకోమంది. బుచ్చవ్వ మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఈ పిల్ల ఆ పిల్లవాణ్ణి ఎంత ఇష్టపడుతోందో ఆ ఇంట్లో అందరికంటే ముసలిదానికే బాగా తెలుసు.

ఇక ఫోటోల సంగతి. పెళ్ళికి ముందు జంటగా ఒక తోటలో రంగుల ఫోటోలు దిగాలని శేషగిరి ముచ్చట. ఊరికే ఇద్దర్నీ పంపుతారా? చెరో వైపు నుంచీ ఒక పెద్దమనిషి వెంట ఉండాలన్నారు. అటు నుంచి హనుమాయమ్మ, ఇటు నుంచి బుచ్చవ్వ. ఇద్దరు వియ్యంకులూ ఎన్నడూ లేనిది ఒకే మాట మీద నిలబడి, దిగితే నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లోనే దిగాలి, సాయంత్రం దాకా హాయిగా తిరిగి రండి అని దగ్గరుండి ఆటో మాట్లాడారు. ఇంటి దగ్గర మన బాయితోట ఉండగా అంత దూరం ఎందుకని కుసుమ అడిగింది. అక్కడ చెట్లు తప్ప ఏమున్నాయని తండ్రి రామచంద్రం నవ్వేశాడు.

ఆటో మలక్‌పేట రైలు వంతెన దాకా వెళ్ళి ఆగిపోయింది. ముందు ఏదో ఊరేగింపు, వెనక బస్సులు, మధ్యలో ఎడ్లబండి. స్కూటరు మీద ముందు వెళుతున్న శేషగిరీ, వెనక కూర్చున్న ఫోటోగ్రాఫరు జనార్ధనూ తిరిగి వచ్చారు. కాళ్ళు ముడుచుకుని కూర్చున్న హనుమాయమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఇంకో అడుగు కూడా ముందుకు వద్దంది. బాయితోటకే పోదామని కుసుమ అన్న మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆటో వెనక్కి తిరిగింది.

చైతన్యపురి వెనక ఆ నేలంతా ఒకప్పుడు బుచ్చవ్వ మొగుడు ఎల్లయ్య ద్రాక్షతోట. పందిళ్ళు పీకి ప్లాట్లు చేసి అమ్మే రోజులు వచ్చినప్పుడు ఎల్లయ్య అందరిలాగే అమ్మాడు. బావి చుట్టూ ఉన్న ముక్కను మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు పొద్దు గూకితే ఎక్కడ కూర్చుంటారు, ఇది నలుగురిదీ అని పెద్దమనుషుల ముందర చెప్పాడు. ఆ ఏడాదే కన్ను మూశాడు. తర్వాత కాలనీ సంఘం వాళ్ళు బెంచీలు వేయించారు, బంతి నాటారు, కొడుకు రామచంద్రమే మనుషులను పెట్టి గడ్డి పరిపించాడు. ద్రాక్ష పందిళ్ళ రాతి స్తంభాలు కొన్ని అలాగే ఉంటే వాటి మీదికి కాగితం పూల తీగలు పాకించారు. చుట్టూ సగం లేచిన గోడలు, ఇసుక కుప్పలు, కంకర లారీలు. మధ్యలో ఇదొక్కటే పచ్చగా ఉండేది. సెలవు రోజు వస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూడా పిల్లలను వెంటేసుకుని వచ్చేవాళ్ళు.

లోపలికి అడుగు పెట్టగానే గడ్డిలో తెల్లగా సున్నం గీతలు కనిపించాయి. పిల్లలు కబడ్డీకి గీసుకున్నారనుకుని బుచ్చవ్వ మురిసిపోయింది. ఎల్లయ్య ఉంటే పంచె ఎగ్గట్టి తనూ కూతకు దిగేవాడని చెప్పాలనిపించింది. చెప్పకుండా ఒక చిలక నోట్లో పెట్టుకుంది.

జనార్ధన్‌ది దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర స్టూడియో. శ్రావణమాసమంతా ఊపిరి సలపకుండా పెళ్ళిళ్ళు తీసినవాడు. వాళ్ళ బావ దుబాయ్ నుంచి తెచ్చిన జూమ్ లెన్సు ఒకటి కొత్తగా చేతికొచ్చింది, దూరంగా ఉన్నది దగ్గరికి లాక్కొస్తుందట. దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరుగుతున్నాడు. జంటను తీసుకుపోయి పూల స్తంభాల కింద నిలబెట్టాడు. మొదట ఇద్దరి మధ్యా స్కూటరు దూరేంత సందు ఉంది. జర దగ్గరికి, ఇంక జర అంటూ అతను బతిమాలుతుంటే శేషగిరి చెవులు ఎర్రబడ్డాయి, కుసుమకు నవ్వు ఆగలేదు. నవ్వు పుట్టాక సందు దానంతటదే పోయింది. బంతి మడి దగ్గర ఒకటి, రాతి మెట్ల మీద ఒకటి, వేపచెట్టుకు ఆనుకుని ఒకటి. శేషగిరి జేబులోంచి గడ్డిఅన్నారం మార్కెట్టు జామకాయ తీసి, కొరికి చూసి, తియ్యగా ఉందని కుసుమ నోటికి అందించాడు. జనార్ధన్ అదీ వదలలేదు. చూస్తున్న బుచ్చవ్వకు కడుపు నిండిపోయింది.

హనుమాయమ్మ మాత్రం ఎండ కళ్ళలో పడుతోందని అటు తిరిగి బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. బంతిపూలు మా ఊళ్ళో ఇంతకు రెట్టింపు ఉంటాయంది. బుచ్చవ్వ ఒక చిలక తీసింది. ఈ రాళ్ళ నేలలో ఏం పండుతుందిలెండి అంది ఆవిడ మళ్ళీ. బుచ్చవ్వ రెండు చిలకలు ఒకేసారి నోట్లో పెట్టుకుంది. ఈ రాళ్ళలోనే గంపలకు గంపలు ద్రాక్ష పండించిన మనిషి ఆమె. బుగ్గలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పెదవి విప్పలేదు. నోరు విప్పని ఈ వదినగారిని చూసి హనుమాయమ్మ లోపల ఏమనుకుంటోందో పాపం ఆమెకు తెలియదు.

రీలు చివరికి వచ్చింది. పెద్దవాళ్ళిద్దరూ రండి, చెరో పక్క నిలబడితే మంచి ఫోటో అయితదని జనార్ధన్ పిలిచాడు. కొంప మునిగింది అక్కడే. హనుమాయమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, మెల్లగా వచ్చి, మనవడికి ఆ వైపా ఈ వైపా అని చూసుకుని, చటుక్కున ఆగిపోయింది. కుసుమ శేషగిరికి ఎడమ చేతి పక్కన నిలబడి ఉంది.

"అమ్మాయి ఎడమ పక్కన ఉందేమిటి?"

జనార్ధన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. భార్య ఎడమ దిక్కే గదమ్మా అన్నాడు. ఏ పెళ్ళికి వెళ్ళినా అతను తీసేది తాళి పడ్డాక నిలబెట్టే జంటలను. ఆడపిల్లను ఎడమకు, మగపిల్లవాణ్ణి కుడికి నెట్టడం అతని చేతులకు అలవాటైపోయింది. అన్నీ ఇలాగే తీశావా అని ఆవిడ అడిగితే, అన్నీ గిట్లనే తీసిన అని గర్వంగా చెప్పాడు.

హనుమాయమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. తాళి కట్టేదాకా పిల్ల కుడి పక్కనే ఉండాలనీ, కట్టాకే ఎడమకు రావాలనీ, మూడుముళ్ళు పడకుండానే పెళ్ళాన్ని చేసేశారనీ, ఇది మంచి శకునం కాదనీ నెమ్మదిగా చెప్పింది. వారం నుంచి తన మనసు ఏదో శంకిస్తూనే ఉందంది. బెంచీ మీద సంచీ తీసుకుంది. "పదరా గిరీ, ఇంటికి పోదాం. నాన్నతో నేను మాట్లాడతాను" అంది.

శేషగిరి మామ్మా మామ్మా అంటూ చుట్టూ తిరిగాడు. కుసుమ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జనార్ధన్ ఒక ఉపాయం చెప్పాడు. నెగెటివును ఉల్టా పెట్టి ప్రింటు కొడితే, జామకాయ తినిపించిన ఫోటోతో సహా అన్నింట్లో ఎడమ కుడి అయిపోతుందట, ఎవరికీ తెలియదట. హనుమాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. అప్పుడు పిల్ల పైట ఏ భుజం మీదికి పోతుందని అడిగింది. కుడి భుజం మీదికని జనార్ధన్ గొణిగాడు. మరి మా వాడు జామకాయ ఏ చేత్తో పెట్టినట్టుంటుందని అడిగింది. కట్టుకోబోయే పిల్లకు నా మనవడు ఎడం చేత్తో తిండి పెట్టాడని ఊరంతా చూడాలా అని ఆవిడ గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

కుసుమ కళ్ళు నాయనమ్మ వైపు తిరిగాయి. మాట్లాడమనా, వద్దనా? ఆ పిల్లకే తెలియదు. బుచ్చవ్వ నోరు తెరిస్తే ఒట్టు పోతుంది, తెరవకపోతే పిల్ల బతుకు పోతుంది. ఆమె బంతి మడి దాకా వెళ్ళి నోట్లోదంతా ఉమ్మేసి, మూతి తుడుచుకుంది. వడివడిగా వచ్చి హనుమాయమ్మకు అడ్డం నిలబడింది.

"వదినా, ఒక్క మాట జెప్త. ఇన్నంక పోతవో ఉంటవో నీ ఇష్టం."

హనుమాయమ్మ ఆగింది. వారం రోజుల్లో ఈ మనిషి గొంతు ఆవిడ వినడం ఇదే మొదలు.

"మా ఆయనకు ఎడమ చెవు ఇనవడకపోతుండె. చిన్నప్పుడు తట్టు వోసి పోయిందంట. మా వోళ్ళకు ఎవ్వలు జెప్పలే. లగ్గమైన దినం నన్ను దెచ్చి ఎడమ పక్క కూసోవెట్టిన్రు. సిగ్గిడిసి ఆకలైతుందా అని అడిగిన. పలుకలే. మల్ల అడిగిన. పలుకలే. నేను నచ్చలేదేమో అని తెల్లారేదాంక ఏడ్సిన. పొద్దుగాల మా అత్త జూసి, పిచ్చిదానా, కుడి దిక్కు పోయి మాట్లాడు అన్నది. పోయి అడిగిన. రాత్రి సంది ఆకలైతుంది, ఎవ్వలు అడగలేదన్నడు."

కుసుమకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఈ సంగతి ఆమెకూ కొత్తే.

"గా దినం సంది ఆయన పోయేదాంక నేను కుడి పక్కనే ఉన్న వదినా. బండిల కుడి పక్క, గీ బాయికాడ కుడి పక్క, తిర్పతిల దేవుని ముంగట గూడ కుడి పక్కనే. పంతులు ఎడమకు రమ్మన్నడు. రాను, మా ఆయనకు మంత్రం ఇనవడకున్నా నా మాట ఇనవడాలె అన్న. ఏం తక్కువైంది మాకు? మొగడు మన మాట ఏ దిక్కు ఇంటడో గా దిక్కు నిలవడాలె గని, ఎడమేంది, కుడేంది." ఆమె శేషగిరి వైపు తిరిగింది. "ఏం కొడుకా, నీకు ఏ చెవు మంచిగ ఇనవడ్తది?"

శేషగిరి బడిలో పంతులు అడిగినట్టు బిక్కమొహం పెట్టి, రెండూ వినపడతాయన్నాడు.

"ఇంకేం మరి. మా పోరి ఏ దిక్కు నిలవడ్డా పరవాలే."

హనుమాయమ్మ ముఖం చూస్తే ఏమీ అంతుపట్టలేదు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత వెనక్కి వచ్చి బెంచీ మీద కూలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని శేషగిరి పరిగెత్తుకొచ్చాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"మా ఆయనకు రెండు చెవులూ బ్రహ్మాండంగా వినపడేవి వదినగారూ. నేను అటు నించున్నా ఇటు నించున్నా, జన్మలో ఒక్క మాట వినలేదు."

ఇద్దరు ముసలమ్మలూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకు అవతలి బెంచీ మీద పల్లీలు తింటున్న వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఇన్నాళ్ళూ నోట్లో ఆకు కుక్కుకుని ఎందుకు కూర్చున్నారని హనుమాయమ్మ అడిగితే బుచ్చవ్వ డబ్బా కథంతా పూస గుచ్చినట్టు చెప్పేసింది. రంగు మీసం సంగతితో సహా. మాట్లాడని మనుషులంటేనే నాకు భయం, మీరు మాట్లాడరనే ఇన్నాళ్ళూ జంకాను అంది హనుమాయమ్మ. ఆ తర్వాత కుసుమను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, అందరూ వినేలా చెప్పింది.

"మాఘంలో ముహూర్తం పెట్టించమని మా వాడితో ఈ సాయంత్రమే చెబుతాను. నువ్వు మాత్రం వీడికి రెండు చెవులూ ఉన్నాయని మర్చిపోకు తల్లీ."

అంతే, శేషగిరి ఎగిరి గంతేశాడు. పెద్దవాళ్ళ ముందు అలా గంతేయకూడదని గుర్తొచ్చి, జారిపడినట్టు నటించాడు. కుసుమ నాయనమ్మను చుట్టేసుకుంది. నా దేవుడి గదికి మాత్రం ఒక్కటి కుడి పక్కన తియ్యి నాయనా, పద్ధతి పద్ధతే కదా అని హనుమాయమ్మ అంటే జనార్ధన్ మహదానందంగా తీశాడు. మిగిలిన ఒక్క ఫోటో ముసలమ్మలిద్దరికీ అన్నాడు. ఎవరు ఏ పక్క నిలబడాలో మళ్ళీ కాసేపు వాదన నడిచింది. చివరికి ఇద్దరూ నడుముల మీద చేతులు వేసుకుని నిలబడ్డారు. బుచ్చవ్వ పళ్ళన్నీ ఎర్రగా కనిపించేలా నవ్వింది.

రీలు అయిపోయిన సంతోషంలో జనార్ధన్ తన లెన్సు గొప్ప చూపించాలనుకున్నాడు. కెమెరా బుచ్చవ్వ చేతిలో పెట్టి, అవ్వా, జర గిండ్లకెల్లి చూడు, దూరమున్నదంతా నీ ముంగటికొస్తది అన్నాడు. బుచ్చవ్వ ఒక కన్ను గట్టిగా మూసింది. మొదట ఆకాశం కనిపించింది, తర్వాత వేపకొమ్మ, కొమ్మ మీద పిచ్చుక. పిచ్చుక ముక్కు కూడా కనిపిస్తుంటే చిన్నపిల్లలా కేరింత కొట్టింది. రాతి స్తంభాలు ఒక్కొక్కటే దాటుకుంటూ, తోట చివర పల్లంలో ఉన్న బావి మీదికి కెమెరా తిప్పింది. ఎల్లయ్య చేతులతో కట్టిన గట్టు, గట్టు మీద నీళ్ళు తోడే మోట గిలకను ఆనించిన రాయి. చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంది.

గట్టు పక్కన ఇద్దరు మగవాళ్ళు కొలతల టేపు చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. ఒక కూలీ నెత్తికి ఎర్రరంగు పూసిన హద్దురాయిని నిలబెట్టి సుత్తితో నేలలోకి దిగగొడుతున్నాడు. ఆ రాయి దగ్గర మొదలైన సున్నం గీత గడ్డి మీదుగా తిన్నగా ఇటే వస్తోంది. కబడ్డీ గీత అనుకుని ఇందాక తను దాటి వచ్చిన గీత అది. టేపు పట్టుకున్న వాళ్ళలో ఒకడు నుదుటి చెమట తుడుచుకోవడానికి భుజం మీది ఎర్రగళ్ళ తువాలు తీశాడు. ఆ తువాలు పొద్దున ఉతికి ఆరేసింది బుచ్చవ్వే. రామచంద్రం, ఆమె కన్నకొడుకు. ఆ రెండో కొస పట్టుకుని అతనితో నవ్వుతూ మాట్లాడుతున్నది వెంకటేశ్వరరావు.

నాంపల్లికే పోవాలని ఇద్దరూ ఎందుకంత పట్టుబట్టారో ఆమెకిప్పుడు అర్థమైంది. నలుగురిదీ అని ఎల్లయ్య వదిలిన నేల ప్లాట్లయిపోతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే వియ్యంకులిద్దరూ ఆ బావిగట్టు దగ్గరే తప్పు నీదంటే నీదని ఒకరి మీద ఒకరు పడతారు, అరగంట కిందట కుదిరిన ముహూర్తం అక్కడే చెడుతుంది. తెరవకపోతే రేపు పొద్దుటికి ఎల్లయ్య మాట ఆ రాళ్ళ కింద ఉంటుంది. ఆమె కెమెరా దించింది.

పూల స్తంభాల కింద కుసుమ, శేషగిరీ మిగిలిన జామకాయను పంచుకుంటూ దేనికో నవ్వుకుంటున్నారు. బెంచీ మీద హనుమాయమ్మ ముఖం వెలిగిపోతోంది. ఇటు చెయ్యి చాపింది.

"ఏం కనిపిస్తోంది వదినగారూ, అలా అయిపోయారు? ఏదీ, నన్నూ ఒకసారి చూడనీండి."

బుచ్చవ్వ కెమెరాను గుండెకు అదుముకుని, రెండో చేత్తో డబ్బా మూత తీసింది. అడుగున ఒక్క చిలక మిగిలి ఉంది. దాన్ని తీసి నోటి దాకా తెచ్చి, అక్కడే ఆపింది.